కాయిల్ నేల మీద, చెవి టోన్ మీద

సంపాదకులకు,

అయ్యా,

మెటల్ డిటెక్టర్‌తో ఎవరికో పాత నాణేలు దొరికాయన్న వార్త ఎప్పుడు వచ్చినా పక్కనే మెరిసే నాణేల ఫొటో ఉంటుంది. వాటిని తీసిన మనిషి అంతకుముందు ఎన్ని గంటలు తిరిగాడు, ఎంత మెల్లగా తిరిగాడు, ఎన్ని తుప్పు మేకులు తవ్వి సంచిలో వేసుకున్నాడు అన్నది ఉండదు. అది చదివి ఉత్సాహంగా మెషిన్ కొన్నవాళ్లు నాలుగు ఆదివారాలు తిరిగి, సీసా మూతలు తప్ప ఏమీ తగలక దాన్ని అటకెక్కిస్తారు. లేదంటే ఇది లోతుకు పోవడం లేదని ఇంకా పెద్దది కొంటారు. నన్నడిగితే చాలాసార్లు తప్పు మెషిన్‌ది కాదు. వస్తువు అక్కడే ఉంది, వాళ్లు దాని మీదుగానే నడిచి వెళ్లిపోయారు. అదెలా జరుగుతుందో ఈ ఉత్తరంలో రాస్తున్నాను. కాస్త పొడుగైంది, మన్నించాలి.

ముందు లోతు సంగతి తేల్చుకోవాలి. మామూలు డిటెక్టర్ చివర పళ్లెంలా ఉండే కాయిల్‌లో రెండు తీగచుట్లు ఉంటాయి. ఒకటి సెకనుకు కొన్ని వేలసార్లు దిశ మారే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. ఆ క్షేత్రం లోహానికి తగిలితే అందులో సుడులు తిరిగే చిన్న కరెంట్లు పుడతాయి. వాటికీ సొంత క్షేత్రం ఉంటుంది, దాన్ని రెండో చుట్టు పసిగడుతుంది. అంటే పోయేటప్పుడూ బలం తగ్గుతుంది, తిరిగొచ్చేటప్పుడూ తగ్గుతుంది. చిన్న వస్తువు కాయిల్‌కు బాగా దూరంలో ఉన్నప్పుడు, ఆ దూరం రెట్టింపైతే తిరిగొచ్చే సిగ్నల్ 64వ వంతుకు పడిపోతుంది. అందుకే 28 సెంటీమీటర్ల కాయిల్‌తో, మంచి నేలలో, నాణెమంత వస్తువు 20, 25 సెంటీమీటర్ల లోతులో వినిపించిందంటే గొప్పే. పెద్ద ఇనుప పెట్టె ఇంకా కిందనున్నా తెలుస్తుంది గానీ, అదీ మీటర్ల లెక్కే తప్ప ఫర్లాంగుల లెక్క కాదు.

వంద అడుగుల దూరంలో ఉన్న బంగారాన్ని యాంటెన్నా పుల్ల తిప్పి చూపిస్తామనే పరికరాలు ఇప్పటికీ అమ్ముడుపోతున్నాయి కాబట్టి ఇక్కడ ఒక్క మాట. అటువంటి పుల్లనే బాంబులు పట్టే యంత్రమంటూ ఏడీఈ-651 పేరుతో ఇరాక్‌కు అమ్మిన జేమ్స్ మెక్‌కార్మిక్‌కు 2013లో బ్రిటన్ కోర్టు పదేళ్ల జైలు వేసింది. గోల్ఫ్ బంతులు వెతికిపెడుతుందని చెప్పి అమ్మే ఉత్తుత్తి వస్తువే దానికి మూలం. లోపల పనిచేసే భాగమంటూ ఏదీ లేదు. అంత దూరం నుంచే బంగారాన్ని చూపిస్తానన్న ఏ పుల్లైనా ఆ కోవలోదే.

బలం ఇంత వేగంగా పడిపోతుంది కాబట్టి మొదటి మెలకువ కాయిల్ ఎత్తు దగ్గరే ఉంది. నాణెం 13 సెంటీమీటర్ల లోతులో ఉందనుకోండి. 28 సెంటీమీటర్ల కాయిల్‌ను నేలకు రెండు సెంటీమీటర్ల ఎత్తున ఆడిస్తే నాణేనికీ దానికీ మధ్య 15 సెంటీమీటర్లు. అదే కాయిల్‌ను నిర్లక్ష్యంగా ఏడు సెంటీమీటర్ల ఎత్తున ఆడిస్తే 20. తేడా ఐదు సెంటీమీటర్లే, కానీ తిరిగొచ్చే సిగ్నల్ సుమారు మూడో వంతుకు పడిపోతుంది. ఎంత ఖరీదైన మెషినూ ఆ నష్టాన్ని పూడ్చలేదు. మొదట్లో అందరూ చేసే పొరపాటు ఏమిటంటే కాయిల్‌ను ఊయలలా ఊపడం. మధ్యలో నేలను రాస్తుంది, రెండు కొసల్లో జానెడు పైకి లేస్తుంది. మీటరు పైన వెడల్పు ఊపుతున్నామనుకుంటారు, నిజానికి వెతుకుతున్నది నడుమనున్న రెండు జానలే. మోచేతితో కాదు, భుజంతోనూ కొంచెం నడుంతోనూ తిప్పాలి. నేల మీద నీళ్లను చీపురుతో పక్కకు తోసేటప్పుడు చీపురు కొస గాల్లోకి లేవనివ్వం కదా, అలా. కర్ర పొడవు సరిగా పెట్టుకోకపోతే ఇది కుదరదు. నిటారుగా నిలబడి, చెయ్యి వదులుగా ఉంచితే కాయిల్ కాలి బొటనవేలికి కాస్త ముందు నేలకు సమంగా ఆనాలి. వంగాల్సి వస్తే కర్ర పొట్టి, భుజం పైకి లేస్తుంటే పొడుగు.

ఇక వేగం. మీటరూ ఇరవై సెంటీమీటర్ల వెడల్పును అటు నుంచి ఇటు రావడానికి రెండు సెకన్లు పట్టాలి. మేకులు ఎక్కువున్న చోట నాలుగు. ఒక్క ఊపు అయ్యాక కాయిల్ పొడవులో సగం ముందుకు జరపాలి, అంతకు మించకూడదు. ఒక చుట్టు లోపల ఇంకో చుట్టు ఉండే పాత పద్ధతి గుండ్రటి కాన్సెంట్రిక్ కాయిల్ వెతికే మేర కిందికి పోయేకొద్దీ గరిటె అడుగులా సన్నబడుతుంది. పైన అంతా వెతికినట్టే ఉన్నా అడుగున ఖాళీలు మిగులుతాయి. రెండు చుట్లూ ఎదురెదురు D అక్షరాల్లా ఉండే డబుల్ డీ కాయిల్ ముందు కొస నుంచి వెనక కొస దాకా సన్నటి పట్టీలా వెతుకుతుంది కాబట్టి కొంచెం నయం, అయినా దానికీ సగం కాకపోతే మూడో వంతైనా ఒకదాని మీద ఒకటి పడాల్సిందే.

ఈ లెక్కను పది మీటర్లకు పది మీటర్ల మడికి వేసి చూడండి. 1.2 మీటర్ల వెడల్పు చాళ్లు తొమ్మిది పడతాయి. ఒక్కో చాలులో 14 సెంటీమీటర్లకు ఒక ఊపు చొప్పున 71 ఊపులు. మొత్తం 639. ఊపుకు రెండు సెకన్లు వేసుకుంటే 21 నిమిషాల పైచిలుకు, అదీ ఒక్కసారి కూడా ఆగకుండా, ఏమీ తవ్వకుండా. ఎకరం పొలాన్ని గంటలో చుట్టి వచ్చామన్నవాళ్లు ఏం వదిలేశారో దీన్నిబట్టి లెక్క కట్టుకోవచ్చు. పెద్ద మైదానంలో అడ్డదిడ్డంగా తిరిగేకంటే చిన్న మడికి తాడు కట్టుకుని చాలు వెంట చాలు పూర్తి చేయడం మేలు. తాడు చివర కట్టే పుల్లలు కర్రవో ప్లాస్టిక్‌వో అయి ఉండాలి, ఇనుపవి కాదు. నిలువుగా పూర్తయ్యాక మరో రోజు అదే మడిని అడ్డంగా వెతకాలి. నిలువుగా దిగిన నాణెం, మేకు పక్కన నక్కిన నాణెం ఒక దిక్కు నుంచి మూగగా ఉండి, ఇంకో దిక్కు నుంచి పలుకుతాయి. వాన పడి నేల తడిసి ఉంటే, ఉప్పు నేల కాకపోతే, మూడోసారి వెతకడమూ దండగ కాదు.

ఇదంతా మెషిన్ నేలకు అలవాటు పడ్డాక. దాన్ని అలవాటు చేయడమే గ్రౌండ్ బ్యాలెన్స్. ఎర్రమట్టిలో ఇనుప ఖనిజం, సముద్రపు ఒడ్డున నల్ల ఇసుక, తడి ఇసుకలో ఉప్పు, ఇవన్నీ మెషిన్‌కు లోహంలాగే వినిపిస్తాయి. లోహం లేని చోటు చూసుకుని, కాయిల్‌ను బోరింగు పంపు కొట్టినట్టు నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి మూడు సెంటీమీటర్ల దాకా ఐదారు సార్లు కిందికీ పైకీ ఆడించాలి. కిందికి దించినప్పుడు చప్పుడు పెరిగినా తప్పే, తగ్గినా తప్పే. ఎత్తు మారినా మోత మారకుండా ఉండేదాకా సరిచేయాలి. మెషిన్ తనంతట తానే చేసుకునే రకమైతే బటన్ నొక్కి ఇలాగే ఆడించాలి. లోహం లేని చోటన్నది ముఖ్యం. కింద మేకు ఉందని తెలియక అక్కడ బ్యాలెన్స్ చేస్తే ఆ రోజంతా మెషిన్ తప్పుడు నేలను సరైన నేల అనుకుంటుంది. మట్టి రంగు మారినా, పొడి నుంచి తడికి వెళ్లినా, బూడిద కుప్పలున్న చోటికి వెళ్లినా మళ్లీ చేయాలి. ఉప్పునీటి తడి ఇసుకలో ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే మెషిన్ ఎంత సరిచేసినా గొణుగుతూనే ఉంటుంది. అక్కడికి ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు వాడేదో, క్షేత్రాన్ని విడివిడి దెబ్బలుగా పంపే పల్స్ ఇండక్షన్ రకమో కావాలి. పల్స్ ఇండక్షన్ లోతుకు పోతుంది గానీ ఇనుముకూ మిగతా లోహాలకూ తేడా సరిగా చెప్పదు. పలికినదల్లా తవ్వే ఓపిక ఉన్నవాళ్ల పరికరం అది.

సెన్సిటివిటీ నాబ్‌ను చివరిదాకా తిప్పేయడం ఇంకో తెగులు. ఎక్కువ పెడితే లోతు పెరుగుతుందనుకుంటారు, పెరిగేది గోల. ఆ గోలలో లోతునున్న నాణెం చేసే సన్నటి గుసగుస కలిసిపోతుంది. మెషిన్ నిశ్శబ్దమయ్యేదాకా తగ్గించి, అక్కడి నుంచి మెల్లగా పెంచుకుంటూ రావాలి. గోల ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడం తేలిక. కాయిల్‌ను కదపకుండా పట్టుకుని నిలబడండి. అయినా అరుస్తుంటే కరెంటు తీగల నుంచో, జేబులోని సెల్‌ఫోన్ నుంచో వస్తోందన్నమాట. ఫోన్ ఆపాలి, ఫ్రీక్వెన్సీ మార్చాలి, చోటైనా మారాలి. కదిపినప్పుడు మాత్రమే అరిస్తే అది నేల. గడ్డి దుబ్బుకో రాయికో కాయిల్ తగిలినప్పుడల్లా ఠక్కుమంటే కేబుల్ వదులైంది, లేదా కాయిల్ తొడుగులో నల్ల ఇసుక చేరింది. కేబుల్‌ను కర్రకు బిగుతుగా చుట్టాలి, అలాగని కాయిల్ మడత దగ్గర మరీ లాగి పట్టేలా ఉండకూడదు.

మన ఒంటి మీది ఇనుమునూ మరిచిపోతారు. బూటు ముందు భాగంలో ఉక్కు రేకు, చేతిలో వేలాడే పార, చాలు. ఈ పొరపాటు మెటల్ డిటెక్టర్ అంత పాతది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటాను కనిపెట్టడానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇదే సూత్రం మీద ఒక పరికరం చేసి తెచ్చాడు. తూటా జాడ తెలియలేదు. పరుపు కింద ఉక్కు తీగలున్నాయి. పైగా తూటా కుడి పక్కనే ఉందని నమ్మిన వైద్యుడు ఆ పక్కే వెతకనిచ్చాడు. అది ఎడమ పక్కనున్నట్టు అధ్యక్షుడు చనిపోయాక తేలింది. కాయిల్ చుట్టూ ఏముందో చూసుకోకపోవడం, ఇక్కడే ఉంటుందని ముందే తేల్చేసుకోవడం, ఈ రెండూ పొలంలోనూ రోజూ జరిగేవే.

అసలు కష్టం వినడంలో ఉంది. తెర మీద కనిపించే అంకెను చూసి తవ్వాలా వద్దా అని తేల్చుకుంటారు చాలామంది. ఆ అంకె వస్తువు విలువ చెప్పదు. లోహం కరెంటును ఎంత తేలిగ్గా పోనిస్తుంది, వస్తువు ఎంత పెద్దది, ఎంత మందం, ఏ ఆకారం, వీటన్నిటి కలగాపులగం అది. పెద్ద వెండి నాణెం పైఅంకెల్లో పలుకుతుంది. సన్నటి బంగారు ఉంగరం కింద, అల్యూమినియం రేకు పలికే చోటే పలుకుతుంది. కొంచెం బరువైన ఉంగరం డబ్బా మూత లాగుడు రింగు దగ్గర పలుకుతుంది. డిస్క్రిమినేషన్ పెంచి రేకునూ రింగునూ వినపడకుండా చేశామంటే బంగారాన్నీ వద్దన్నట్టే. ఉంగరాల కోసం వెతికేవాళ్లకు చెత్త తవ్వడం తప్పదు. దగ్గరదారి లేదు. ఇనుమును మాత్రం తక్కువ స్థాయిలో ఆపుకోవచ్చు. నన్నడిగితే దాన్నీ పూర్తిగా మూగ చేయకుండా బొంగురు టోన్‌లో వినడమే మంచిది. ఎక్కడ మేకులు ముసురుకున్నాయో అక్కడ ఒకప్పుడు మనుషులు మసలారన్నమాట. ఆ బొంగురు గొంతు వినబడకపోతే ఆ సమాచారం పోయినట్టే.

మేకు పక్కన నాణెం ఎలా తప్పిపోతుందో దగ్గరగా చూడండి. కాయిల్ మేకు మీదికి రాగానే మెషిన్ దాన్ని వద్దని నోరు మూసుకుంటుంది. మళ్లీ నోరు తెరవడానికి దానికి కొంత వ్యవధి కావాలి. సెకనులో పదో వంతు అనుకుందాం. మనం చెప్పుకున్న నింపాది వేగంలో కాయిల్ ఆ వ్యవధిలో ఆరు సెంటీమీటర్లు జరుగుతుంది. అంతకు రెట్టింపు వేగంతో ఊపితే 12. మేకుకు ఎనిమిది సెంటీమీటర్ల అవతలనున్న నాణెం మొదటివాడికి వినిపిస్తుంది, రెండోవాడికి అది నోరు మూసుకున్న మేరలోనే దాటిపోతుంది. ఇటువంటి చోట 15 సెంటీమీటర్ల చిన్న కాయిల్ వేసుకోవాలి. లోతు కొంత పోతుంది, కానీ మేకునూ నాణేన్నీ విడదీసి చూపిస్తుంది. మెషిన్‌లో రికవరీ స్పీడ్, అంటే మళ్లీ ఎంత త్వరగా నోరు తెరవాలో చెప్పే అమరిక, ఉంటే పెంచాలి. అలాగని మరీ నత్తనడకా పనికిరాదు. ఈ మెషిన్లలో చాలావరకు కాయిల్ కదులుతుంటేనే పలుకుతాయి, నాణెం మీద ఆపేస్తే మూగబోతాయి.

సిగ్నల్ వినగానే పార తీయకూడదు. దాన్ని కాసేపు ప్రశ్నలు అడగాలి. ఊపు పొడవు తగ్గించి, వస్తువు మీదే నాలుగు వేళ్ల వెడల్పులో అటూ ఇటూ ఆడించండి. రెండు వైపులా ఒకే గొంతు వస్తోందా? ఇప్పుడు మీరు పక్కకు జరిగి, 90 డిగ్రీలు తిరిగి అదే చేయండి. గుండ్రటి వస్తువు ఎటు నుంచైనా దాదాపు ఒకేలా పలుకుతుంది. మేకు పొడవునా ఒకలా, అడ్డంగా ఇంకోలా పలికి మధ్యలో తెగిపోతుంది. తరవాత కాయిల్‌ను 30 సెంటీమీటర్లు పైకెత్తండి. లోతునున్న నాణెమైతే మాయమవుతుంది. ఇంకా గట్టిగానే మోగుతుంటే అది డబ్బానో పెద్ద రేకో అయి ఉండే అవకాశం ఎక్కువ. తుప్పు పట్టిన పలచటి రేకు, వాషర్ మనల్ని బాగా మోసం చేస్తాయి. ఇనుమే అయినా వెడల్పు వల్ల వెండి నాణెంలా కమ్మగా పలుకుతాయి. సీసా మూతా అంతే. దానికి ఒక చిట్కా ఉంది. డబుల్ డీ కాయిల్‌ను చిన్న చిన్న ఊపులతో మెల్లగా మీ వైపు లాక్కోండి. కాయిల్ ముందు కొస దాటిపోయే వేళ నాణెం శుభ్రంగా ఆగిపోతుంది, మూత బొంగురుగా గురకపెట్టి ఆగుతుంది. నూటికి నూరుపాళ్లు నిజమయ్యే పరీక్ష కాదిది, కానీ రోజుకు ఇరవై గుంతలు తప్పిస్తుంది.

ఈ గొంతులు పుస్తకం చదివితే రావు. తోటలో ఒక మూల, ముందే లోహమంతా ఏరేసిన నేలలో, నాణెం, ఉంగరం, మేకు, సీసా మూత, రేకు ముక్క తలో చోటా 60 సెంటీమీటర్ల ఎడంతో పాతిపెట్టుకోవాలి. నాణేలను 5, 10, 15, 20 సెంటీమీటర్ల లోతుల్లో పడుకోబెట్టి, ఒకదాన్ని మాత్రం నిలువుగా గుచ్చాలి. ఒక నాణేనికి ఐదు సెంటీమీటర్ల దూరంలో కావాలనే మేకు పెట్టాలి. ఏది ఎక్కడుందో కాగితం మీద గీసుకుని, తెర మీద గుడ్డ కప్పి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని చెప్పాలి. స్పీకర్ కన్నా హెడ్‌ఫోన్స్‌లో లోతు గుసగుసలు బాగా అందుతాయి, బ్యాటరీ కూడా కలిసొస్తుంది. అప్పుడే తవ్వి పాతిన వస్తువు ఎన్నో ఏళ్లు నేలలో పడి ఉన్నదానిలా అచ్చంగా పలకదు. అయినా చెవి తయారవడానికి ఇంతకు మించిన బడి లేదు.

తవ్వడం గురించి. ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. వస్తువు ఎక్కడుందో నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత ఊహించుకుని రెండూ కలిసే చోట పిన్‌పాయింట్ చేయాలి. గడ్డి ఉన్న నేలలో ఆ బిందువు చుట్టూ పది, పన్నెండు సెంటీమీటర్ల ఎడంగా మూడు వైపులు మాత్రమే కోసి, నాలుగో వైపు తలుపు బందులా వదిలేసి, గడ్డిని వేళ్లతో సహా తెరవాలి. పది సెంటీమీటర్ల మందమైనా లేకపోతే ఆ గడ్డి బతకదు. వదులు మట్టి గడ్డి మీద పోయకుండా గుడ్డ మీద పోయాలి, తిరిగి గుంతలోకి వంచడం తేలిక. ఎండకు గట్టిపడిన నేలలో గడ్డి కోయకపోవడమే మంచిది. పార మొన ఎప్పుడూ బిందువు మీద దిగకూడదు, పక్క నుంచి లోపలికి పోవాలి. వందల ఏళ్లు చెక్కుచెదరకుండా ఉన్న నాణెం మీద గీత పడేది ఆ ఒక్క పోటుతోనే. గుంతలో పెట్టి వెతికే చిన్న చేతి డిటెక్టర్, అంటే పిన్‌పాయింటర్, రెండు నుంచి ఐదు సెంటీమీటర్ల దూరంలోనే పలుకుతుంది కాబట్టి గుంత అడుగూ, నాలుగు గోడలూ, తెరిచిన గడ్డి పెళ్లా, గుడ్డ మీది మట్టీ విడివిడిగా వెతకాలి. గుంతలో సిగ్నల్ పోయిందంటే వస్తువు మట్టి కుప్పలోకి వచ్చి ఉంటుంది, లేదా తవ్వడంలో నిలువుగా తిరిగిపోయి ఉంటుంది. దొరికాక గుంతను మళ్లీ వెతకండి. ఒకటి దొరికిందని మూసేసిన గుంతలో రెండోది ఉండిపోవడం మామూలే. చెత్తను సంచిలో వేసుకోవాలి. తిరిగి గుంతలోనే పడేస్తే వచ్చేసారి మన మెషినే దాన్ని చూసి మళ్లీ మోగుతుంది.

సిగ్నల్ ఒకే వరుసలో మీటరు దాటి అటూ ఇటూ సాగుతుంటే అది పైపో కేబులో. పార పెట్టకుండా వదిలేయాలి. తూటా, గుండు, రెక్కలున్న ఇనుప గొట్టం లాంటిది కనిపిస్తే ముట్టుకోకుండా, ఊడదీయకుండా, వచ్చిన దారినే వెనక్కి నడిచి పోలీసులకు చెప్పాలి. ఇందులో చర్చ లేదు.

బయటికి తీసిన నాణేన్ని బొటనవేలితో రుద్దకుండా ఉండటం అన్నిటికన్నా కష్టమైన పని, ఒప్పుకుంటాను. దాని మీది మట్టిలో ఇసుక రేణువులుంటాయి. ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ లెక్కలో ఇసుకలోని క్వార్ట్జ్ 7, బంగారం, వెండి రెండున్నర, మూడు మధ్య. ఒక్క రుద్దుతో ముఖం మీద వందలాది గీతలు పడతాయి. రాగి నాణెం మీది పచ్చటి పొర మురికి కాదు, చాలాసార్లు అక్షరాలు మిగిలి ఉండేది ఆ పొరలోనే. పులుపు పెట్టి తోమితే పొరతో పాటు రాజు పేరూ పోతుంది. మట్టి అలాగే ఉంచి, దూది పరిచిన చిన్న డబ్బాలో వేసి, ఏ చాలులో, ఎన్ని సెంటీమీటర్ల లోతులో, పక్కన ఏం దొరికిందో అక్కడే రాసుకోవాలి. ఇంటికొచ్చాక రాద్దామంటే లోతులన్నీ కలగలిసిపోతాయి.

అనుమతి సంగతి చివరికొచ్చింది గానీ పనిలో అది మొదటిది. ఏ నేలకైనా యజమాని ఉంటాడు, మాట మాత్రంగా కాకుండా కాగితం మీద అనుమతి తీసుకోవాలి, దొరికినదాని సంగతి ముందే తేల్చుకోవాలి. కొన్ని దేశాల్లో రక్షిత కట్టడాల దగ్గర తవ్వడమే కాదు, మెషిన్ తీసుకెళ్లడమూ నేరమే. నాగలి తిరిగిన పైమట్టి, అంటే మామూలుగా 20, 30 సెంటీమీటర్లు, ఎలాగూ కలిసిపోయినదే. దాని కింది పొరలు కదలనివి. అక్కడ ఏ వస్తువు దేని పక్కన ఉందన్నదే పురావస్తు శాస్త్రవేత్తకు చరిత్ర. సిగ్నల్ ఆ పొరలోకి దిగితే పార ఆపాలి. మీటరు మేరలో రెండు మూడు నాణేలు వరుసగా తగిలితే అంతకన్నా ముందే ఆపాలి.

అందుకే సంపాదకులకు నా విన్నపం. ఈసారి ఇటువంటి వార్త వేసేటప్పుడు మీ విలేకరులు విలువ ఎంతని అడిగి ఊరుకోకుండా, ఎంత లోతులో దొరికింది, ఎన్నాళ్లు వెతికారు, తవ్వడం ఎక్కడ ఆపారు, ఎవరికి చెప్పారు అని కూడా అడగాలి. ఇంగ్లిష్ చానెల్‌లోని జెర్సీ దీవిలో 2012లో దాదాపు 70 వేల నాణేల రాశి దొరికినప్పుడు అందరూ అంకెనే రాశారు. దాన్ని కనిపెట్టిన రెజ్ మీడ్, రిచర్డ్ మైల్స్ ఆ చుట్టుపక్కలే సుమారు 30 ఏళ్లు వెతికారు. తగిలాక తామే పెకలించకుండా నిపుణుల్ని పిలిచారు కాబట్టి ఆ రాశి మట్టితో సహా ఒకే ముద్దగా పైకి వచ్చింది, తరవాత ప్రయోగశాలలో ఒక్కో నాణెం విడదీయగలిగారు.

ఇంగ్లండ్‌లోని హాక్స్‌న్‌లో 1992 నవంబరులో ఎరిక్ లాస్ మెషిన్ పట్టుకుని పొలంలోకి దిగింది నిధి కోసం కాదు, రైతు పోగొట్టుకున్న సుత్తి కోసం. తగిలింది రోమన్ల కాలపు బంగారం, వెండి. కొంత తీసి, ఇది తన చేతిలో పని కాదని ఆగిపోయి కబురు చేశాడు. మర్నాడు పురావస్తు శాఖవాళ్లు వచ్చి తవ్వితే 14 వేలకు పైగా నాణేలతో పాటు అవి దాచిన కర్రపెట్టె ఆనవాళ్లు, అందులో చిన్న పెట్టెలు, ఏది ఏ మూల సర్దారో అన్నీ తెలిశాయి. రైతు సుత్తి కూడా దొరికింది. ఇప్పుడు అదీ బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు